వెనక చాప

నాకు జబ్బు తగ్గింది, కోపం తగ్గలేదు. అది కూడా తగ్గిపోతే మర్యాదగా రాస్తానేమోనని ఇప్పుడే కూర్చున్నాను. ఈ జబ్బు పేరు మా ఇళ్ళలో ఆడవాళ్ళు పలకరు. మగవాళ్ళు పలుకుతారు గాని, వాళ్ళ నోట అది ఎప్పుడూ పక్కింటివాడి జబ్బు. సవాయి. సుఖవ్యాధి అని కూడా అంటారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఎక్కడైనా కనబడితే నాలుగు మాటలు అడగాలని ఉంది.

నా పేరు సుగుణ. మాది కన్నడ సీమలో కె.ఆర్.పురం, పాత మద్రాసు రోడ్డు వెంబడి స్టేషనుకు దగ్గర. పుట్టింటివాళ్ళు వర్తూరులో ఉంటారు. మా తాత కాలంలోనే క్రైస్తవులమయ్యాం. మా ఆయన రత్నం యుద్ధం వచ్చాక మిలిటరీ సామాను తోలే లారీకి డ్రైవరుగా చేరాడు. మంచివాడు. ఎగతాళికి అనడం లేదు. గుడిలో హార్మోనియం వాయిస్తాడు, పాటలు బాగా పాడతాడు, నా మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. అందుకే నాకు అనుమానం రావడానికి అంత ఆలస్యమైంది.

మా గుడి అంటే మిషను బడిలోని పెద్ద గది. ఆదివారం బెంచీలు బయట పెట్టి చాపలు పరుస్తారు. ఒక పక్క ఆడవాళ్ళు, ఇంకో పక్క మగవాళ్ళు. వాకిలి దగ్గర విడిగా ఒక చాప ఉంటుంది. తప్పు చేసి సంఘం శిక్షలో ఉన్నవాళ్ళు దాని మీద కూర్చుంటారు. వాళ్ళకు ప్రభు భోజనం, అంటే రొట్టె, గిన్నెలో ద్రాక్షరసం, ఉండదు. అందరి ముందర ఒప్పుకున్నాక, కొన్నాళ్ళు చూసి, పాస్టరు అయ్యగారు వాళ్ళను ముందుకు పిలిచి కుడిచెయ్యి ఇచ్చి "సంఘం తిరిగి చేర్చుకుంటున్నది" అంటారు. ఆ పూట ఆ మనిషి అందరితో పాటు గిన్నెలోంచి తాగుతాడు. గిన్నె ఒక్కటే. ముందు మగవాళ్ళు, వాళ్ళతో పాటే సంఘం పెద్దలు, చివరికి మేము.

1943 వానాకాలంలో ఒక శనివారం సాయంత్రం ప్రార్థనలో రత్నం లేచి నిలబడ్డాడు. అప్పటికి నేను కడుపుతో ఉన్నాను. ఆయన ఏదో పాట ఎత్తుకుంటాడనుకున్నాను.

"లారీ తీసుకోని చిత్తూరు దావన పోయినప్పుడు మిలిటరీ కాంపు కాడ సాతాను నన్ను శోధించినాడప్పా," అన్నాడు. "యుద్ధకాలం. ఇంటికి దూరం. తోడు వచ్చినోళ్ళు రమ్మనిరి. మనిషి బలహీనుడు. వాడు వల వేసినాడు, నేను పడిపోతిని."

అంటూనే ఏడ్చాడు. ఆయన ఏడిస్తే అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. పెద్దలు వరసగా లేచి సాతానును తిట్టి ప్రార్థన చేశారు. వాడు ఎంత మోసగాడో, యుద్ధకాలంలో వాడి పని ఎంత సులభమో చెప్పుకున్నారు. నన్ను చూసి ఒక్కరూ ఏమీ అనలేదు, అయ్యగారి భార్య తప్ప. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, "ఒప్పుకున్న మగోణ్ణి క్షమించకపోతే అది మన పాపమైతాదమ్మా," అంది. ఇంటికి పోయి క్షమించాను. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషిని అప్పట్లో.

రత్నం కొద్దిరోజులు వెనక చాప మీద కూర్చున్నాడు. హార్మోనియం వాయించేవాడు లేక పాటలు గతి తప్పుతున్నాయని తొందరగానే ముందుకు పిలిచారు. కుడిచెయ్యి ఇచ్చారు. గిన్నె ఇచ్చారు. సంతోషంగా ఇంటికి వచ్చి చారు రెండుసార్లు పోయించుకున్నాడు.

నాకు తెలియని సంగతి ఒకటుంది. కాంపు నుంచి వచ్చేటప్పటికే ఆయనకు ఒక పుండు ఉండింది. నొప్పి లేని పుండు. ఒప్పుకున్న వారంలోనే అది మానిపోయింది. ఇంకేం, దేవుడు క్షమించాడనడానికి అదే గుర్తనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. నాకు అసలే చెప్పలేదు. ఆ పుండు మందు వేసినా వేయకపోయినా దానంతటదే పైన మానిపోయి లోపలికి దిగుతుందని తరువాత డాక్టరమ్మ చెప్పింది. మా ఆయన దాన్ని పాపక్షమాపణ అనుకుని హార్మోనియం ముందు కూర్చున్నాడు.

ఆ ఏడాది చివర నా అరచేతుల్లో ఎర్రటి మచ్చలు లేచాయి. దురద లేదు, మంట లేదు. పాదాల కింద కూడా అవే. గొంతు పుండై మింగుడు పడేది కాదు. దువ్వుకుంటే జుట్టు దువ్వెనలో ఉండిపోయేది. కడుపుతో ఉన్నవాళ్ళకు ఏవేవో వస్తాయిలెమ్మని వేపాకు నూరి పెట్టుకున్నాను.

గుడిలో పక్కన కూర్చునేవాళ్ళు జరగడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం సంఘం పెద్దల్లో ఒకాయన భార్య వచ్చి, "చిన్నపిల్లోళ్ళు ఉండారు, అంటుకుంటాదేమో, స్వల్ప వెనక్కి కూచోమ్మా," అంది. వెనక్కి అంటే వాకిలి దగ్గర చాప. పోయి కూర్చున్నాను. ఆ పూట గిన్నె నా దాకా రాలేదు. రత్నం దాకా వచ్చింది. తాగి, మూతి తుడుచుకుని, పాట అందుకున్నాడు.

తరువాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు మెల్లగా, ప్రేమగానే అడిగారు. "ఏమన్నా మనసులో దాచిపెట్టుకోని ఉండావా సుగుణా? ఒప్పుకుంటే తగ్గతాది. మీ ఆయన్ని చూడు, ఎంత తేటగా ఉండాడో."

నేను వెతుక్కున్నాను. నిజంగా కూర్చుని వెతుక్కున్నాను. అత్తమ్మ బతికుండగా ఎదురు చెప్పినవి, పక్కింటి కోడి మా దొడ్లో పెట్టిన గుడ్డు వండుకున్నది, ప్రార్థనలో కునికినవి, అన్నీ మోకాళ్ళ మీద కూర్చుని చెప్పుకున్నాను. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను. మా ఆయన అదే ఇంట్లో, అదే దీపం కింద, నా ఒప్పుకోళ్ళు వింటూ కూర్చుని ఉన్నాడు.

1944 మొదట్లో వర్తూరులో బిడ్డ పుట్టింది. ఆడబిడ్డ. ఏడవలేదు. మా అమ్మ తిరగేసి వీపు మీద తట్టింది, నీళ్ళు చల్లింది, తరువాత నా పాత చీర చింపి చుట్టింది. అయ్యగారు ఎద్దుల బండిలో వచ్చి ప్రార్థన చేశారు. ఇచ్చినవాడే తీసుకున్నాడన్నారు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. పాలు వచ్చి చీర తడిసిపోతుంటే అమ్మ గుడ్డ కట్టింది. ఆ సంగతి ఇంతకంటే రాయలేను.

నన్ను ఆసుపత్రికి తీసుకుపోయింది మా సంఘం వాళ్ళెవరూ కాదు. మా పక్కింటి పాపక్క. మగ్గాల వాళ్ళు. ఆచారం ఉన్న మనిషి, మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టదు. వర్తూరు నుంచి వచ్చిన నన్ను చూసి, "సుమ్నే అట్ల ఊరికే గోడకు ఆనుకోని కూచుంటే ఎట్లమ్మే? లే, ఆసుపత్రికి పోదాం," అంది. కంటోన్మెంటు దాకా రైల్లో నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. మచ్చలున్న అరచెయ్యి అని నేనే లాక్కోబోతే ఇంకా గట్టిగా పట్టుకుంది. ఇంటికి వచ్చాక స్నానం చేసి ఉంటుంది. చేసుకోనీ. ఆ దారంతా నా చెయ్యి వదల్లేదు, అది చాలు.

ఆ ఆసుపత్రిలో మా జబ్బు వాళ్ళకు వెనక వైపు విడిగా వరండా ఉంది. ఆడవాళ్ళ బెంచీ, మగవాళ్ళ బెంచీ, మధ్యలో ఒక గోనెపట్టా తెర. మగవాళ్ళ బెంచీ మీద సోల్జర్లు బీడీలు కాల్చుకుంటూ నవ్వుకుంటూ కూర్చునేవాళ్ళు. మా బెంచీ మీద అందరూ కొంగు ముఖం మీదికి లాక్కునేవాళ్ళు. చాలామంది నాలాంటి ఇల్లాళ్ళే. మెడలో తాళి, ఒళ్ళో చంటిబిడ్డ. ఒక్కోసారి ఒళ్ళో ఏమీ ఉండేది కాదు.

డాక్టరమ్మ కన్నడంలో నెమ్మదిగా, దాచకుండా చెప్పింది. జబ్బు పేరు చెప్పింది. బిడ్డ ఎందుకు పోయిందో చెప్పింది. నీ నుంచి మొదలైంది కాదమ్మా అని కూడా చెప్పింది. వారం వారం సూదులు, చాలా నెలలు. ఆపకుండా రావాలి. నీ భర్త కూడా రావాలి, ఆయన రాకుండా నీకు ఎన్ని సూదులు వేసినా మళ్ళీ మొదటికే వస్తుంది అంది.

నేను ఏడుస్తాననుకుని పాపక్క కొంగు తీసి పట్టుకుంది. ఏడుపు రాలేదు. మోకాళ్ళ మీద కూర్చుని చెప్పుకున్న ఆ కోడిగుడ్డు గుర్తొచ్చింది.

ఆ సాయంత్రమే రత్నంతో చెప్పాను. ఆయన దీపం వత్తి తగ్గించాడు. తరువాత పుండు సంగతి బయటపెట్టాడు. అది మానిపోయిన సంగతి ఎంతో భక్తిగా చెప్పాడు.

"దేవుడు మాన్పించినాడే. సంఘం చెయ్యి ఇచ్చింది. అయిపోయిన పాపాన్ని మళ్ళా డాక్టరు ముందర తవ్వల్నా? అది దేవుణ్ణి నమ్మకపోవడం కాదా?"

"నాకెందుకు మాన్పించలేదు?" అన్నాను.

సాతాను అన్నాడు. మన ఇంటి మీద వాడికి పగ అన్నాడు.

ఆయన పరుపు తీసి వీధి అరుగు మీద వేశాను. వీధి తలుపు గడియ పెట్టాను. మర్నాటి నుంచి వంట చేసి బయట పెట్టాను. అంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

నేను ఒక్కదాన్నే ఆసుపత్రికి పోతుండేదాన్ని, పాపక్కకు వీలైనప్పుడు ఆమె తోడొచ్చేది. సూది నరంలోకి పోతుండగానే నోట్లో వెల్లుల్లి రుచి తగిలేది. తరువాత కడుపులో తిప్పేది. తుంటికి వేసే సూది ఇంకో రకం, దాని దెబ్బకు రైలు ఎక్కేటప్పుడు కాలు లేచేది కాదు. చిగుళ్ళు నల్లబడ్డాయి. సూది వేయించుకుని వచ్చిన ప్రతిసారీ ఇదంతా దేనికి, ఆయన రాకపోతే ఇది నీళ్ళలో పోసినట్టే కదా అనుకునేదాన్ని. అయినా పోయేదాన్ని.

మా అమ్మ వర్తూరు నుంచి వచ్చి అరుగు మీద పరుపు చూసి తల కొట్టుకుంది. "మగోళ్ళు అట్లనే ఉంటారు సుగుణా. నలుగురూ ఏమనుకుంటారు?" అంది. నీ మనవరాలు ఎందుకు పోయిందో తెలుసా అని చెప్పాను. అమ్మ ఆ రోజు మా ఇంట్లో అన్నం తినలేదు. సాయంత్రం పోతూ పోతూ అరుగు మీద కూర్చున్న అల్లుణ్ణి పలకరించకుండా పోయింది.

అయ్యగారు ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వచ్చారు. భార్యాభర్తలను కలపడానికి వచ్చారు. రత్నం వాళ్ళ వెనక నిలబడ్డాడు. అయ్యగారు చెడ్డమనిషి కాదు, గొంతు మెత్తన. శోధన, అంటే సాతాను పెట్టే ఆశ గురించి చాలాసేపు చెప్పారు. ఎంత భక్తుడికైనా శోధన వస్తుందన్నారు.

"వస్తాది అయ్యగారూ. కాదన్లేదు," అన్నాను. "శోధన అందరికీ వస్తాది. నాకూ వస్తాది. వీధి తలుపు దాకా వస్తాది, పిలస్తాది. దాని ఎంబడి లేచి కాళ్ళతో నడిచిపోయింది ఎవురు? లారీ ఆపింది ఎవురు? సాతాను లారీ తోల్లేదు కదా?"

"అట్ల మాట్లాడకూడదమ్మా. ఆయన పశ్చాత్తాపపడినాడు."

"పడినాడు. అందరి ముందర పడినాడు. తప్పంతా సాతాను నెత్తిన పెట్టినాడు. వాడు వచ్చి ఇదేందని అడగడు కదా. తప్పు నాది కాదని మొదటి మగోడు ఆడదాన్ని చూపించినాడంట, ఆమె పామును చూపించిందంట. దేవుడు ఎవుర్నీ ఇడిసిపెట్టలేదు. మీరే చెప్పినారు ఆ కథ నాకు చిన్నప్పుడు, బడిలో."

పెద్దల్లో ఒకాయన, "క్షమించినావని చెప్పినావు కదా అప్పుడు?" అన్నాడు.

"ఆయన చెప్పినదాన్ని క్షమించినా. చెప్పనిదాన్ని ఎట్ల క్షమిస్తానప్పా? పుండు ఉండాదని తెలిసి నా పక్కన పండుకున్నాడు. ఆసుపత్రికి రమ్మంటే దేవుడు మాన్పినాడంటాడు. ఆయన రాకపోతే నాకు బతుకు లేదని డాక్టరమ్మ చెప్పింది. నన్ను మీరు గిన్నెకు దూరం పెట్టినారు. బాగుండాది. అదే జబ్బు ఆయనకూ ఉండాది. నాకు ఇచ్చింది ఆయనే. మరి ఇన్నాళ్ళూ ఆయన తాగిన గిన్నె ఎవరెవరు తాగినారో లెక్క చూసుకోండి."

తరువాత ఆ పెద్దాయన, క్షమాపణ గురించి నాకు చెప్పబోయినాయన, మీసం కింద పెదవిని కండువా చెంగుతో మెల్లగా తుడుచుకున్నాడు. జబ్బు పడ్డాక నాకు మొదటిసారి నవ్వొచ్చింది. బయటికి రానివ్వలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు పెద్దలూ రత్నాన్ని చెరో పక్కా నడిపించుకుని రైలెక్కించారు. నా గొంతు పుండైతే కదలనివాళ్ళు, నా బిడ్డ పోతే కదలనివాళ్ళు, తమ నోటి దాకా వచ్చేసరికి టిక్కెట్టు కొని మరీ కదిలారు. గిన్నె వల్ల అంత సులభంగా అంటదని డాక్టరమ్మ నాతో చెప్పింది. ఆ మాట నేను వాళ్ళకు చాలాకాలం చెప్పలేదు. అందుకు నాకేం బాధ లేదు.

ఆ విధంగా రత్నం గోనెతెరకు అవతలి బెంచీ మీదికి వచ్చాడు. మొదట్లో ముఖం మాడ్చుకుని కూర్చునేవాడు. నర్సు గట్టిగా పేరు పిలిస్తే ఉలిక్కిపడేవాడు. మేము ఒకే రైల్లో, వేరు వేరు పెట్టెల్లో వెళ్ళి వచ్చేవాళ్ళం. ఒకరోజు సూది వేయించుకుని బయటికి వచ్చి, వరండా చివర కూర్చుని కక్కుకున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను. వెళ్ళాలని లేదు. కొంతసేపటికి వెళ్ళి చెంబుతో నీళ్ళు ఇచ్చాను. ఆయన మూతి కడుక్కుని, "వెల్లుల్లి వాసన నీకూ వస్తాదా?" అన్నాడు.

"మొదట్నుంచీ."

"ఇన్ని నెలలూ ఒక్కదానివే వచ్చినావా?"

"పాపక్క వచ్చింది."

ఆ సాయంత్రం రైల్లో నేనున్న పెట్టె దాకా వచ్చి, ఎక్కకుండా, కిటికీ దగ్గర కాసేపు నిలబడి పోయాడు. ఆ వారం నుంచి సాతాను పేరు మా ఇంట్లో వినబడలేదు. దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. నోరు మూసుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు.

యుద్ధం అయిపోయింది. లారీ పని పోయింది, రత్నం కాడుగోడి సంతకు సరుకులు తోలే బండి పనిలో కుదిరాడు. మచ్చలు ఎప్పుడో పోయాయి. జుట్టు మళ్ళీ వచ్చింది, ముందున్నంత కాదు. 1946 చలికాలంలో మా ఇద్దరి రక్తమూ చూసి, ఇంక రానక్కర్లేదు అంది డాక్టరమ్మ. పాపక్కకు చెబితే దేవుడికి కొబ్బరికాయ కొట్టుకుంది. ఆయన పరుపు మాత్రం ఇంకా అరుగు మీదే ఉంది.

ఇది చదివేవాళ్ళలో నాలాంటి ఇల్లాలు ఎవరైనా ఉంటే ఒక మాట. అరచేతుల్లో అట్లాంటి మచ్చలు వస్తే నీ పాపాలు వెతుక్కుంటూ కూర్చోవద్దు. ఆసుపత్రికి పో. ఒక్కదానివే పోవద్దు, ఆయన్ని లాక్కుని పో. తీసుకుపోవడానికి నీ వాళ్ళు రాకపోతే పక్కింటి తలుపు తట్టు.

జబ్బు తగ్గిందని తెలిసి అయ్యగారు ఇంటికి వచ్చారు. "ఈ ఆదివారం ప్రభు భోజనానికి ముందుకు రామ్మా," అన్నారు. చాలా రోజుల తరువాత గిన్నె ముట్టుకుంటానని నాకు సంతోషమే వేసింది. తెల్లచీర ఉతికి కట్టుకున్నాను.

నా పేరు పిలిచారు. వెనక చాప మీది నుంచి లేచి ముందుకు నడిచాను. అయ్యగారు చిరునవ్వుతో కుడిచెయ్యి చాచారు. "మన సోదరి సుగుణమ్మను సంఘం తిరిగి చేర్చుకుంటున్నది," అన్నారు.

నా చెయ్యి కొంగులోనే ఉండిపోయింది.

"అయ్యగారూ, ఈ చెయ్యి ఎవురికి ఇస్తారో నాకు తెలుసు," అన్నాను. "తప్పు చేసి తిరిగి వచ్చినోళ్ళకు. నేను యాడికీ పోలేదు. ఏం చేసినానని నన్ను చేర్చుకుంటారు?"

ఆయన చెయ్యి గాల్లో నిలబడిపోయింది. "ఆచారమమ్మా," అన్నారు మెల్లగా. "వెనక చాప మీద కూచున్నోళ్ళను అట్లనే పిలస్తాం."

"కూచోబెట్టింది మీరు."

చేర్చుకునే పాట కోసం రత్నం హార్మోనియం తిత్తి నింపుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆయన చెయ్యి తీసేశాడేమో, గాలి సన్నగా మోగుతూ బయటికి పోయింది. ఆడవాళ్ళందరూ నన్ను చూస్తున్నారు. నేను ఎవరినీ చూడలేదు. చెయ్యి ఇవ్వకుండా అక్కడ ఎంతసేపైనా నిలబడదామనుకున్నాను.

రత్నం లేచాడు. తల వంచుకుని, హార్మోనియం మెట్ల వైపు చూస్తూ మాట్లాడాడు.

"ఆమెది ఏం లేదు అయ్యగారూ. జబ్బు తెచ్చింది నేను. సాతాను నన్ను ఎత్తుకోని పోలేదు, నేనే పోతిని. ఒంట్లో పుండు ఉండాదని తెలిసీ ఇంటికి వస్తిని. ఆమె లేని పాపాలు ఒప్పుకుంటా ఉంటే వింటా కూచుంటిని. మా బిడ్డ పోయింది నా వల్ల."

గొంతు బాగా దిగిపోయింది. ముందు వరస వాళ్ళకు వినబడి ఉంటుంది, అంతే. పాట పాడితే స్టేషను దాకా వినబడే మనిషి. గుడిలో నేను ఎప్పుడూ ఆయనతో నేరుగా మాట్లాడి ఎరగను. ఆ రోజు తిరిగి చూసి మాట్లాడాను.

"గట్టిగా చెప్పు. వెనకోళ్ళకు వినపడలా."

రత్నం తలెత్తి నన్ను చూశాడు. తరువాత వాకిలి దగ్గర చాప వైపు తిరిగి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు, బిడ్డ సంగతితో సహా.